వృద్ధాప్యం: దేహానికీ మనసుకూ ఉన్న ముడి

గౌతమీ గోదావరి తీరాన 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల యానాం, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా 55,626. 1954లో ఫ్రెంచి పాలన ముగిసేనాటికి బడి ఈడు పిల్లలుగా ఉన్నవారు నేడు ఎనభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్నారు. వారిలో ఒకరు వీధి అరుగు మీదికి రావడం మానివేస్తే, ఇంటివారు "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

దేహం నుంచి మనసుకు

మోకాళ్ల నొప్పితో నడక తగ్గితే గుడి, సంత, బంధువుల ఇల్లు దూరమవుతాయి. వినికిడి తగ్గినవారు మాటలు అందక మౌనం వహిస్తారు. నలుగురిలో ఉన్నా ఒంటరులవుతారు. మధుమేహం, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నవారిలో మానసిక కుంగుబాటు ఇతరులలో కన్న అధికం.

మనసు నుంచి దేహానికి

కుంగిన మనసు ఆకలినీ నిద్రనూ హరిస్తుంది. మందులు వేళ తప్పుతాయి. రక్తపోటు, చక్కెర అదుపు తప్పుతాయి. కండరాలు బలహీనపడి జారిపడే ప్రమాదం పెరుగుతుంది. తుంటి ఎముక విరిగితే మళ్లీ మంచం, మళ్లీ దిగులు. పెద్దలు చాలామంది "దిగులుగా ఉంది" అనరు. నీరసం, ఒళ్లు నొప్పులు, నిద్రలేమి అంటారు.

వయసు అనుకున్నది వ్యాధి కావచ్చు

థైరాయిడ్ మందగించడం, బి12 విటమిన్ లోపం, రక్తహీనత కుంగుబాటులా, మతిమరుపులా కనిపించవచ్చు. ఇవి రక్తపరీక్షతో తెలుస్తాయి, చికిత్సకు లొంగుతాయి. ఒకటి రెండు రోజులలోనే హఠాత్తుగా తికమక, పొంతనలేని మాటలు మొదలైతే ఇన్ఫెక్షన్ గాని, ఒంట్లో లవణాలు తగ్గడం గాని, మందుల ప్రభావం గాని కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

కుటుంబం చేయదగినవి

దిగులు, నిరాసక్తత రెండు వారాలకు మించితే వైద్యునికి చూపాలి. సరిహద్దు గ్రామాలవారు యానాంలో ఒక వైద్యుని, కాకినాడలో మరొకరిని సంప్రదించడం కద్దు. ఒకే మందు రెండు పేర్లతో ఇంటికి చేరవచ్చు. కనుక వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి ప్రతి వైద్యునికీ చూపాలి.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, మూడు రోజులైనా పట్టు తప్పకుండా నిలిచే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శక్తి మేరకు నడక చాలు. తోడుగా మనుమడు నడిస్తే మనసుకూ మేలు.

"పోతే బాగుండు" అన్న మాటను విసుగుగా కొట్టివేయరాదు. అటువంటి వారిని ఒంటరిగా విడువక, పురుగుమందుల వంటివి ఇంట అందకుండా చూడాలి. 2022లో ఆరంభమైన టెలిమానస్ సేవ 14416కు, వృద్ధుల సహాయవాణి 14567కు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఈ రెండు సంఖ్యలూ దేశమంతటికీ ఒకటే. సరిహద్దుకు ఏ వైపున ఉన్నవారైనా వాడుకోవచ్చు.

"భోజనం చేశారా" అని అడిగినట్లే, "రాత్రి నిద్ర పట్టిందా, మనసెలా ఉంది" అని కూడా రోజూ అడగాలి. జవాబు మారినప్పుడు ఆలస్యం చేయరాదు.