నూటికి మూడు, నూటికి పావలా

సిరిసిల్ల దగ్గరి వీర్నపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో, తండాల్లో ఇవాళ "సంగం పైసలు" అంటే ఏ సంగమని ఎవరూ అడగరు. ఆడవాళ్ళ పొదుపు సంఘమే. కానీ ఈ నేల మీద ఆ మాట వయసు చాలా ఎక్కువ. 1940ల్లో సంగమంటే ఆంధ్ర మహాసభ. 1978లో సంగమంటే రైతు కూలీ సంఘం. ఆ ఏడు సెప్టెంబర్ 7న వేలాది పల్లెజనం జగిత్యాలకు కదిలి వచ్చారు. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. భూమి, వెట్టి, కూలి వంటి ఎన్నో బాధలతో పాటు ఈ సంగాలన్నిటి వెనకా ఒక పాత బాధ ఉంది. అది బాకీ.

నిజాం కాలంలో గింజలు అప్పు తెచ్చుకుంటే కల్లంలో ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాల్సి వచ్చేది. దాన్ని నాగు అనేవాళ్ళు. కుదువ పెట్టడానికి ఏమీ లేనివాడు తననే కుదువ పెట్టుకున్నాడు. బాకీ తీరేదాకా దొర పొలంలో చాకిరీ చేసే అతన్ని భాగేలా అన్నారు. ఆ ఒప్పందాలకు హద్దులు పెడుతూ నిజాం సర్కారు 1936లోనే చట్టం చేసింది. 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అయినా రెండేళ్ళకే జగిత్యాల పల్లెలు వెట్టి గురించి, జీతగాళ్ళ జీతం గురించి కొట్లాడాల్సి వచ్చింది. చట్టం పాత బాకీని కొట్టేయగలదు. రేపు పొద్దున బిడ్డకు జ్వరమొస్తే చేతిలో యాభై రూపాయలు ఎవరు పెడతారన్నది చట్టంలో రాసి ఉండదు.

పొదుపు సంఘం ఆ యాభై రూపాయల దగ్గరే మొదలైంది.

1980ల్లో డ్వాక్రా, 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ, నెల్లూరు సారా పోరాటం తర్వాత పుంజుకున్న "రోజుకో రూపాయి" పొదుపు. ఇవి అందరికీ తెలిసిన మైలురాళ్ళే. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది సంఘం నడిచే తీరు. పది పదిహేను మంది ఒకచోట కూర్చుంటారు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు వాళ్ళలో చాలామంది బీడీలు చుట్టేవాళ్ళు. ముందు తమ పైసలు జమ చేస్తారు. వాటినే ఒకరికొకరు అప్పిచ్చుకుంటారు. ఎవరికి ఎంత, ఎందుకు అన్నది తీర్మానం పుస్తకంలో రాస్తారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి మగ్గం ఆగిందో ఏ బ్యాంకు మేనేజరుకూ తెలియదు, వాళ్ళకు తెలుసు. వచ్చే మిత్తి కూడా బయటికి పోదు, సంఘంలోనే ఉంటుంది.

మిత్తి లెక్క చెప్పాలి. షావుకారు "నూటికి మూడు" అంటే నెలకు మూడు రూపాయలు, ఏడాదికి 36. 2004 తర్వాత ప్రభుత్వం సంఘాలకు "పావలా వడ్డీ" అన్నప్పుడు అదే కొలతతో మాట్లాడింది. నెలకు నూటికి పావలా, ఏడాదికి మూడు రూపాయలు. ఏడాదికి కట్టే మిత్తి పన్నెండో వంతుకు పడిపోయిందని ఎవరికీ విడమరిచి చెప్పే పనిలేకపోయింది. 2012లో అది వడ్డీ లేని రుణమైంది.

అయితే ఈ వరుస చూసి సూక్ష్మరుణ సంస్థల వాళ్ళూ నేర్చుకున్నారు. పదిమందిని జమచేయడం, వారం వారం కిస్తీ, ఒకరికి ఒకరు జామీను, అంతా సంఘం లాగే. సొంత పొదుపు మాత్రం లేదు. పైసలు బయటివి, మిత్తి బయటికే. కిస్తీ కట్టలేని ఇంటి ముందు తోటి ఆడవాళ్ళనే కూర్చోబెట్టారు. 2010లో ఆత్మహత్యల వార్తలు వరుసగా రావడంతో, అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఈ సూక్ష్మరుణాల మీద హైదరాబాద్‌లో 104 బస్తీల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. దాని ప్రకారం, ఇలాంటి అప్పు వల్ల అప్పటికే ఉన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. సగటు ఇంటి ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పేదరికం అప్పుతోనే పోతుందని చెప్పేవాళ్ళు ఈ లెక్కను చదవాలి.

పాత కరీంనగర్ జిల్లాలోనే దీనికి జవాబు లాంటిది ఒకటి ఉంది. ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథ రెడ్డి 1956లో రైతుల సహకార సంఘం నిలబెట్టారు. అప్పు, ఎరువు, పంట అమ్మకం ఒకే గడప దగ్గర. ఆ దారిలోనే సహవికాస సంస్థ తోడ్పాటుతో ఆ ప్రాంతంలో ఆడవాళ్ళ పొదుపు సంఘాలు లేచాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అలాంటి సంఘాలకు సర్కారు పెత్తనం లేకుండా నడిచే వీలిచ్చింది. ఆ ఆడవాళ్ళే తర్వాత పాల డెయిరీ పెట్టుకున్నారు. పాల ప్యాకెట్టు మీద పేరు "స్వకృషి". అప్పుతో బర్రె వచ్చింది, పాలకు ధర కట్టే చోటు కూడా వాళ్ళదే అయింది. సంఘం బలం నాకు అక్కడ కనిపిస్తుంది.

సంఘం చెయ్యి అందని చోటు కూడా ఇక్కడే ఉంది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి దుబాయి, మస్కట్ పోయే పిల్లలకు వీసా, టికెట్, ఏజెంటు ఖర్చు కావాలి. సంఘం అప్పు దానికి సరిపోదు. తల్లి సంఘంలో సభ్యురాలు, కిస్తీ ఏనాడూ తప్పనిది. అయినా కొడుకు విమానమెక్కేముందు ఆమె పోయి నిలబడేది షావుకారు గడపలోనే. అక్కడ లెక్క మళ్ళీ నూటికి మూడే.