కారు చక్రానికి ఏ పూత మేలు?
మెరుపు కన్నా మన్నిక ముఖ్యం. పల్నాటి సున్నపు ధూళితో జాగ్రత్త

కోటప్పకొండ (నరసరావుపేట): మహాశివరాత్రి సమీపిస్తున్నదంటే త్రికోటేశ్వరస్వామి సన్నిధికి కార్లలో తరలివచ్చే భక్తులు తమ వాహనాలను ముస్తాబు చేసుకోవడం పరిపాటి. ఆ ముస్తాబులో చక్రాలకు కొత్త రంగు వేయించడమూ ఒక భాగమైంది. అయితే చక్రం అద్దం వంటి అలంకార వస్తువు కాదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కారు బరువునూ, ప్రయాణికుల ప్రాణాలనూ మోసేది అదే. ఏ పూత ఎంచుకోవాలో, ఎంచుకునే ముందు ఏమి పరిశీలించాలో తెలుసుకోవడం ఆవశ్యకం.

లోహాన్ని బట్టి పూత
కారు చక్రాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఉక్కు చక్రం. దీనిపై ప్లాస్టిక్ మూత ఉంటుంది. మూత చాటున తుప్పు చేరినా బయటికి కనిపించదు. రెండోది అల్యూమినియం మిశ్రమ లోహంతో పోతపోసిన అల్లాయ్ చక్రం. దీనిలో సాధారణంగా 7 శాతం మేర సిలికాన్, స్వల్పంగా మెగ్నీషియం ఉంటాయి. పోత పోసిన తరువాత నియమిత ఉష్ణోగ్రతల్లో వేడిచేసి దీనికి బలం చేకూరుస్తారు. ఉక్కుకు నప్పిన పద్ధతి అల్యూమినియానికి నప్పదు. ఉదాహరణకు పాత రంగును కాస్టిక్ సోడాతో ఊడదీయడం ఉక్కుపై చెల్లుతుంది. అల్యూమినియాన్ని మాత్రం ఆ ద్రావణం తినివేస్తుంది.

పల్నాటి ప్రత్యేకత
పిడుగురాళ్ల పరిసరాల్లో సున్నపు బట్టీలు, మాచర్ల ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. అల్యూమినియంపై సహజంగా ఏర్పడే పలుచని ఆక్సైడు పొర దానికి కవచం. తడిసిన సున్నం తీవ్ర క్షారగుణం కలది. అది ఆ కవచాన్ని కరిగించి లోహాన్ని తెల్లగా, గరుకుగా మారుస్తుంది. కాబట్టి ఈ మార్గాల్లో నిత్యం తిరిగే వాహనాలకు పూత లేకుండా మెరుగుపెట్టిన అల్లాయ్ చక్రాలు అనుకూలం కావు. బాపట్ల సమీపంలోని సూర్యలంక తీరానికి వెళ్లివచ్చిన కార్లకు ఉప్పుగాలి వల్ల ఇటువంటి చేటే కలుగుతుంది.

పూతలు - గుణదోషాలు
ద్రవ రంగు: ప్రైమరు, రంగు, పైన పారదర్శకమైన క్లియర్ కోటు వరుసగా వేస్తారు. పెయింటింగ్ షెడ్డుల్లో సులువుగా లభించే పద్ధతి ఇదే. అధిక వేడి అవసరం లేదు. గీత పడితే ఆ మేరకే సరిచేసుకోవచ్చు. రాళ్ల దెబ్బకు పెచ్చులూడే స్వభావం దీని లోపం.

పౌడర్ కోటింగ్: పొడి రంగును విద్యుదావేశంతో లోహానికి అంటించి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి గట్టిపరుస్తారు. రాళ్ల తాకిడిని చక్కగా తట్టుకుంటుంది. ఉక్కు చక్రానికి ఇది శ్రేష్ఠం. అల్లాయ్ చక్రాన్ని మాత్రం ఎక్కువ వేడిలో ఎక్కువ సేపు ఉంచితే దాని బలం సన్నగిల్లుతుంది. కొన్ని తయారీ సంస్థలు ఇటువంటి పునఃతాపనాన్ని అంగీకరించవు. కంపెనీ సూచనలు చూడనిదే, కొలిమి ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు లేనిచోట చక్రాన్ని అప్పగించరాదు.

డైమండ్ కట్: లేత్ యంత్రంపై చక్రం ముఖాన్ని సన్నగా చెక్కి మెరిపిస్తారు. చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. కనుక పలుమార్లు చేయించడం తగదు. పై పూతకు చిన్న దెబ్బ తగిలినా తేమ లోపలికి పాకి నూలుపోగుల వంటి తెల్లని చారలు ఏర్పడతాయి.

క్రోమ్ పూత: చూపులకు మిన్న. అయితే పొర పగిలిన చోట తేమ చేరి పెచ్చులుగా లేస్తుంది. ఆ అంచులు పదునుగా ఉండి చేతికి, టైరుకు హాని చేస్తాయి. ఈ ప్రక్రియలో వాడే షడ్వాలెంట్ క్రోమియం క్యాన్సరు కారకం. దాని వ్యర్థాలను కాల్వల్లోకి వదలడం ప్రమాదకరం.

రబ్బరు పూత: ఇష్టం లేనప్పుడు పొరగా ఊడదీయవచ్చు. తాత్కాలిక అలంకారానికి చాలు. పెట్రోలు తగిలితే కరిగిపోతుంది.

పూతకు ముందు పరీక్ష
రంగు మాటున పగులు దాగితే ప్రాణాపాయం తప్పదు. టైరు విప్పించి, లోపలి అంచును సైతం వెలుతురులో పరిశీలించాలి. చక్రాన్ని తిప్పి వంకర ఉన్నదేమో చూడాలి. ఆకులు పగిలిన అల్లాయ్ చక్రాన్ని వెల్డింగుతో అతికించి రంగు పూయించడం కన్నా మార్చుకోవడమే క్షేమం.

నట్లు కూర్చునే గుంటలకు, హబ్బుకు ఆనుకునే వెనుక భాగానికి మందంగా రంగు పడకుండా కప్పి ఉంచాలి. అక్కడ రంగు పడితే అది క్రమేణా నలిగిపోయి నట్లు వదులవుతాయి. చక్రం బిగించిన తరువాత 50 నుంచి 100 కిలోమీటర్ల ప్రయాణం లోపు నట్ల బిగువు మళ్లీ సరిచూడాలి. గాలి వాల్వు మార్పించి, వీల్ బ్యాలెన్సింగ్ చేయించడం మరువరాదు.

సంరక్షణ
కొండ దిగేటప్పుడు తక్కువ గేరు వాడితే బ్రేకులపై భారం తగ్గుతుంది. చక్రాలకు అంటే వేడి బ్రేకు పొడీ తగ్గుతుంది. దిగిన వెంటనే కాగిన చక్రంపై చన్నీళ్లు గుమ్మరించరాదు. చల్లారిన పిదప ముందుగా ధారాళమైన నీటితో సున్నపు ధూళిని కడిగి, ఆపై మెత్తని గుడ్డతో, గాఢత లేని షాంపూతో తుడవాలి. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఆమ్లాలు, చింతపండు పులుసు వాడకూడదు.

ఏది ఎవరికి?
ఉక్కు చక్రాలకు పౌడర్ కోటింగ్, సున్నపు బట్టీల దారిలో తిరిగే అల్లాయ్ చక్రాలకు క్లియర్ కోటుతో కూడిన ద్రవ రంగు తగినవి. ధూళి, చిన్న గీతలు తెలియకూడదనుకునేవారికి నలుపు కన్నా వెండి, బూడిద రంగులు మేలు. తిరునాళ్లలో ప్రభ ఎంత ఎత్తున, ఎన్ని దీపాలతో వెలిగినా దాని భారమంతా కింది బండి చక్రాలదే. కారుకూ అదే వర్తిస్తుంది. ముందు చక్రం దృఢత్వం చూడాలి, పిదపనే దాని రంగు.