ఇసుక చెప్పిన చాడీ

మా కళింగపట్నం లైట్‌హౌస్ ఎక్కి కిందికి చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు. ఇసుక మీద జాడలు మాత్రం దాగవు. తెప్పను ఎటు లాగారో, బండి ఎటు మళ్ళిందో ఇట్టే చెప్పెయ్యొచ్చు. ఆకాశంలోంచి చూసేవాడికి పోఖ్రాన్ ఇసుకా అంతే!

1974 మే 18న ఆ రాజస్థాన్ ఎడారిలో మన తొలి అణుపరీక్ష జరిగింది కదా. అప్పట్నుంచీ అమెరికా ఆ చోటుని కనిపెట్టుకునే ఉంది. 1995లో ప్రధాని మన పీవీ నరసింహారావుగారు. మూతి బిగించుకు కూర్చునే ఆయన మనసులో మాట ఎవరికి తెలుస్తుంది చెప్పండి? కానీ పరీక్షకి జరుగుతున్న సన్నాహాలు ఉపగ్రహాల ఫోటోల్లో పట్టుబడిపోయాయి. డిసెంబరు 15న న్యూయార్క్ టైమ్స్ ఆ కబురు అచ్చేసింది. అమెరికా రాయబారి ఫ్రాంక్ విస్నర్ అయితే ఫోటోలు తెచ్చి మరీ చూపించాడు. పరీక్ష జరగలేదు.

ఆకాశంలోంచి ఏం కనిపిస్తుందో మనవాళ్ళకి అప్పుడు బాగా తెలిసొచ్చింది. 1998లో సైనిక ఇంజనీర్లు పనంతా రాత్రిళ్ళే చేశారు. అత్తగారు లేచేలోగా వంటిల్లు సర్దేసే కోడలిలా, తెల్లారేసరికి యంత్రాలన్నీ ఎక్కడివక్కడ పెట్టేసేవారు. తవ్విపోసిన మట్టిని గాలికి ఏర్పడ్డ దిబ్బల్లా తీర్చారు. తీగల్ని ఇసుకలో కప్పెట్టారు. శాస్త్రవేత్తలకి సైనిక దుస్తులు, మారుపేర్లు. కలాంగారు పృథ్వీరాజ్ అయ్యారు!

మే 11, మధ్యాహ్నం 3.45కి భూమి కంపించింది. ప్రధాని వాజపేయి ప్రకటించేదాకా వాషింగ్టన్‌కి తెలియనే లేదు. 2004 డిసెంబరులో పీవీగారు పోయాక వాజపేయే నలుగురిలో చెప్పారు: బాంబు సిద్ధంగా ఉందని తనకి చెప్పింది పీవీయేనట.