రివియెరా: మూతపడే వేసవి నుంచి కిక్కిరిసే ఆగస్టు దాకా

దక్షిణ ఫ్రాన్స్‌లో మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న రివియెరాకు వెళ్లాలనుకునేవారు ఇవాళ ముందుగా ఆరా తీసేది జులై, ఆగస్టుల్లో హోటల్ గది దొరుకుతుందా అని. 150 ఏళ్ల కిందట ఆ నెలల్లో అక్కడి పెద్ద హోటళ్లకు తాళాలు పడేవి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే సందడి. ఎండా, సముద్రమూ అప్పటివే. వైద్యులు, రైళ్లు, ఫ్యాషన్, చివరికి ఒక చట్టం కలిసి సీజన్‌ను తలకిందులు చేశాయి.

1763లో స్కాట్లండ్ రచయిత టోబియాస్ స్మాలెట్ ఆరోగ్యం పాడై నీస్ చేరాడు. అప్పట్లో ఆ ఊరు సార్డీనియా రాజ్యంలో ఉండేది. మే నెల మొదట్లోనే ఆయన సముద్రస్నానానికి దిగేసరికి స్థానికులు నోరెళ్లబెట్టారు. క్షయ రోగిలా కనిపించే మనిషి ఇంత చలిలో నీళ్లలో మునగడమేమిటని వాళ్ల ఆశ్చర్యం. కొందరు వైద్యులైతే చావు ఖాయమన్నారు. స్మాలెట్ చావలేదు సరికదా, 1766లో తన యాత్రల పుస్తకం అచ్చువేశాడు. దాంతో ఇంగ్లండ్‌లోని కలవారి చూపు ఆ తీరం మీద పడింది.

కాన్ పట్టణానికి దశ తిరిగింది కలరా వల్ల. బ్రిటన్ మాజీ లార్డ్ ఛాన్సలర్ హెన్రీ బ్రూమ్ 1834లో కూతురిని వెంటబెట్టుకుని ఇటలీకి బయల్దేరాడు. అంటువ్యాధి భయంతో వార్ నది దగ్గర సార్డీనియా కాపలావాళ్లు ఆపేశారు. వెనక్కి మళ్లి కాన్ అనే బెస్తపల్లెలో బస చేశాడు. చోటు నచ్చి స్థలం కొని, కూతురి పేరుతో ఇల్లు కట్టించాడు. ఆయన్ని చూసి తోటి ఇంగ్లిషు ప్రభువులూ వచ్చి చేరారు. 1868లో బ్రూమ్ కన్నుమూసింది కూడా అక్కడే.

నీస్ 1860లో ఫ్రాన్స్‌లో కలిసింది. రైలు 1863లో కాన్‌కు, మరుసటి ఏడాది నీస్‌కు వచ్చింది. గుర్రపు బండ్లలో రోజుల తరబడి పడిన అవస్థ తీరిపోయింది. ఇటలీ సరిహద్దులోని మాంటన్‌లో కోలుకున్న ఆంగ్ల వైద్యుడు జేమ్స్ హెన్రీ బెనెట్ ఆ ఊరి చలికాలాన్ని పొగుడుతూ పుస్తకం రాయడంతో క్షయ రోగులు బారులు తీరారు. విక్టోరియా మహారాణి 1895 నుంచి 1899 దాకా ఏటా వసంతంలో నీస్‌లోని సిమియే గుట్ట మీద విడిది చేసేది. మారుపేరుతో వచ్చి, గాడిద బండిలో వీధులు తిరిగేది. ఆమెను గుర్తుపట్టని వాళ్లెవరు? వేసవి రాకముందే రాణులూ రోగులూ అంతా వెనుదిరిగేవారు.

1923లో అమెరికన్ దంపతులు జెరాల్డ్, సారా మర్ఫీ ఈ ఆనవాయితీని తప్పించారు. ఆంటీబ్‌లోని హోటెల్ దు కాప్ యజమాని ఆంటువాన్ సెల్లాను ఒప్పించి, కొద్దిమంది పనివాళ్లతో వేసవిలోనూ హోటల్ తెరిపించారు. దగ్గర్లోని గారూప్ తీరం నిండా సముద్రపు నాచు మేట వేసి ఉంటే జెరాల్డ్ రోజూ కొంచెం కొంచెంగా లాగి పారేసి ఇసుకను బయటపెట్టాడు. ఆ వేసవిలో పికాసో కుటుంబం కూడా అక్కడికొచ్చింది. తరవాత అమెరికన్ రచయిత ఫిట్జెరాల్డ్ వచ్చాడు. ఒకప్పుడు గొడుగుల చాటున దాచుకున్న ఒంటిని ఎండలో కాల్చుకోవడమే సోకైంది. 1930ల నాటికి చాలా హోటళ్లు వేసవి మూత మానుకున్నాయి.

అయినా అది డబ్బున్నవాళ్ల ముచ్చటే. 1936లో ఫ్రాన్స్‌లోని వామపక్షాల కూటమి పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులందరికీ ఏటా రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. మంత్రి లియో లాగ్రాంజ్ రైలు టికెట్‌లో 40 శాతం తగ్గింపు ఇప్పించాడు. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడని కుటుంబాలు మూడో తరగతి పెట్టెల్లో తీరానికి చేరాయి. ఆ సెలవు 1956లో మూడు వారాలకు, 1982లో ఐదు వారాలకు పెరిగింది. ఆగస్టులో ఫ్యాక్టరీలు మూసే అలవాటు తోడై, తీరమంతా ఆ ఒక్క నెలలోనే కిక్కిరిసిపోయింది.

2021లో యునెస్కో నీస్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది చలికాలపు విడిది పట్టణంగానే. ఫిబ్రవరిలో నీస్ కార్నివాల్, మాంటన్ నిమ్మపండ్ల ఉత్సవం ఆ పాత సీజన్‌కు మిగిలిన గుర్తులు.

కాబట్టి ఆగస్టే సరైన సమయమన్నది వందేళ్లయినా నిండని అలవాటు. తెలుగు కుటుంబాలకు పిల్లల వేసవి సెలవులు కలిసొచ్చే మే నెలాఖరు, జూన్ మొదటివారం అంతకంటే నయం. ఎండ బాగుంటుంది, రద్దీ తక్కువ. కాన్, నీస్, మాంటన్‌లను తీరం వెంబడి రైలు కలుపుతుంది కనుక కారు అద్దెకు తీసుకోనక్కర్లేదు. ఫ్రాన్స్ వెళ్లడానికి కావాల్సిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మేలో వెళ్లదలచినవారు డిసెంబరులోనే కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది.