ముగ్గురు కృష్ణుల రాత్రి

పాత నాటకాల వాల్‌పోస్టరు ఎక్కడన్నా దొరికితే జాగ్రత్తగా చదవండి. పైన పెద్దక్షరాల్లో ‘పాండవోద్యోగ విజయాలు’. కింద పాత్రధారుల పట్టిక. అందులో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, కొన్నిసార్లు మూడో కృష్ణుడు కూడా ఉంటారు. అచ్చుతప్పు కాదు. పడక సీనులో మంచం మీద పడుకుని అర్జునుడి కోసం, దుర్యోధనుడి కోసం ఎదురుచూసే కృష్ణుడొకరు. తెల్లవారుజామున కౌరవ సభకి రాయబారానికి వెళ్ళే కృష్ణుడు ఇంకొకరు. మొహం మారింది, ఒడ్డూ పొడుగూ మారింది, అన్నిటికన్నా ముఖ్యంగా గొంతు మారింది. జనం మాత్రం పిసరంత కూడా చలించరు. అసలు ఆ మార్పు కోసమే నిద్ర ఆపుకుని కూర్చుంటారు. ఇంటర్వెల్ తర్వాత హీరో మారిపోయిన సినిమాని మనం ఇలా ఒప్పుకుంటామా?

ఒక బృందంలోకి కొత్త ప్రధాన గాయకుడు రావడం అన్నిచోట్లా ఇంత సులువు కాదు. అమెరికాలో బ్లూగ్రాస్ అనే పల్లె సంగీతం ఒకటుంది. బాంజో, మాండొలిన్, ఫిడేలు, గిటారు, నిలువెత్తు బాస్, వీటి మధ్య ఒకే మైకు చుట్టూ చేరి పాడే నలుగురైదుగురు. ఆ పేరు బిల్ మన్రో బృందం ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ నుంచి వచ్చింది. 1948లో లెస్టర్ ఫ్లాట్, ఎర్ల్ స్క్రగ్స్ ఇద్దరూ ఆయన్ని వదిలి వెళ్ళిపోయారు. మరుసటేడు జిమ్మీ మార్టిన్ అనే కుర్రాడు వచ్చాడు. అతని గొంతు ఇంకా పైకి వెళ్ళగలదు కాబట్టి మన్రో పాటల శ్రుతే పైకి జరిగింది. మన్రో మొత్తం జీవితంలో ఆ బృందంలోంచి నూటయాభై మందికి పైగా వచ్చి వెళ్ళారు. ఆయనకది పెద్ద విషయం కాదు, బృందం ఆయనది, పేరు ఆయనది.

స్టాన్లీ సోదరుల కథ వేరు. అన్న కార్టర్ ప్రధాన గాత్రం, తమ్ముడు రాల్ఫ్ దాని మీద ఎత్తుగా పాడే టెనర్. 1966 డిసెంబరులో 41 ఏళ్ళ వయసులో కార్టర్ చనిపోయాడు. రాల్ఫ్‌కి పాట రాకపోవడం కాదు సమస్య. ఇరవై ఏళ్ళుగా అతను పాడిందంతా ఇంకో గొంతుకి ఆనించి పాడింది. కింద ఆ గొంతు లేకపోతే పైనున్నది దేనిమీద నిలబడుతుంది? మొదట లారీ స్పార్క్స్ వచ్చాడు. తర్వాత వచ్చిన రాయ్ లీ సెంటర్స్ గొంతు కార్టర్‌కి ఎంత దగ్గరంటే, కళ్ళు మూసుకుని వింటే చనిపోయిన మనిషే పాడుతున్నట్టుండేది. 1974లో అతన్ని ఎవరో కాల్చి చంపారు. రాల్ఫ్ మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి కీత్ విట్లీతో. ఒక్కో కొత్త గాయకుడూ వచ్చింది సగం ఖాళీ అయిన కుర్చీలోకి. అందుకే ఆ స్వాగతంలో పెళ్ళిచూపుల బెరుకు ఉంటుంది.

మన పద్యం అలాంటిది కాదు. పద్యం పాడేటప్పుడు నటుడు ఒంటరి. హార్మోనియం వెనకే నడుస్తుంది, తబలా ఆగుతుంది, అవతలి పాత్రధారి చేతులు కట్టుకుని నిలబడతాడు. రాగం ఎంతసేపు తియ్యాలో, ఏ మాట దగ్గర విరవాలో పాడేవాడి ఇష్టం. అతను దిగిపోయి ఇంకొకడు వస్తే హార్మోనిస్టు శ్రుతి మార్చుకుంటాడు, అంతే. మన దగ్గర ఒక రాత్రికి ముగ్గురు కృష్ణులు చెల్లడానికి కారణం ఇదే అనుకుంటాను. ఈ సౌకర్యానికి మనం చెల్లించిన మూల్యం గురించే ఈ వ్యాసం.

కదిరి నుంచి రైలెక్కితే ఈ కథ మొదలైన ఊరు దగ్గరే. పాకాల లైన్లో అవతలి కొస ధర్మవరం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టింది అక్కడ. బళ్ళారిలో వకీలు. ధార్వాడ నాటక కంపెనీలు వచ్చి వెళ్ళిన వేడిలో ఆయన బళ్ళారిలో సరసవినోదినీ సభ పెట్టి, 1887లో ‘చిత్రనళీయం’ ఆడించాడు. నాటకంలో పద్యాలతో పాటు పాటలు విరివిగా పెట్టినవాడాయన. ఆంధ్ర నాటక పితామహుడని పేరొచ్చింది. అదే ఊళ్ళో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పోటీగా నడిచింది. ఇవి డబ్బు కోసం ఆడిన కంపెనీలు కావు. పగలు కోర్టు, సాయంత్రం రిహార్సలు. కొత్తవాడు ఇలాంటి సభలోకి వస్తే ఒక వేషానికి కాదు, ఒక గుంపులోకి వస్తాడు.

తమాషా ఏమిటంటే, ఆ పాటల మోజు మీద మొదటి పెద్ద ఫిర్యాదు కూడా ఆ ఇంట్లోంచే వచ్చింది. ఆచార్యులవారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టాడు, ఆయనా వకీలే. పాత్ర చచ్చిపోతున్నా సాగదీసి రాగం తీసే నటులంటే ఆయనకి పడేది కాదు. మాట నటించాలి, పాట కాదు. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టాడు. ఈ రెండో వాదం గెలిచింది. మొదటిది? పల్లెల్లో జనం ‘వన్స్ మోర్’ అని అరుస్తూనే ఉన్నారు. రాఘవని మనం గౌరవించాం, మాట మాత్రం వినలేదు.

ఆడవాళ్ళు స్టేజీ ఎక్కాలా వద్దా అని చదువుకున్నవాళ్ళు వాదించుకోకముందే ఒక కుటుంబం ఆ పని చేసేసింది. కదిరికి తూర్పున, కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’ ఆడారు. (అప్పటికి కదిరి తాలూకా కూడా కడప జిల్లాలోదే. అనంతపురంలో కలిసింది 1910లో.) ఆడించిన వనారస గోవిందరావు వాళ్ళది తోలుబొమ్మలాట కుటుంబం. బొమ్మలాటలో తెర వెనక సీతకీ ద్రౌపదికీ గొంతిచ్చేది ఇంటి ఆడవాళ్ళే. బొమ్మని పక్కన పెట్టి మనుషులే తెర ముందుకి వచ్చినప్పుడు ఆ గొంతులూ ముందుకొచ్చాయి. సంస్కరణ అనే మాట అక్కడ ఎవరికీ అవసరం రాలేదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఈ ఇంటి పిల్లే. సురభిలో కొత్త గొంతుని బయట వెతకరు. లోహితాస్యుడు, ప్రహ్లాదుడు, బాలకృష్ణుడు అంటూ చిన్న వేషాల్లోనే ఆ గొంతు తయారవుతుంటుంది. ఎవరి పద్యం ఎక్కడ ఆగుతుందో అందరికీ తెలుసు, ఎందుకంటే అందరూ ఒకే గుడారంలో పెరిగారు.

బయటివాడిని సమాజాలు ఎలా తీసుకునేవో చూడాలంటే 1920 నాటి బాపట్ల చూడాలి. ‘హరిశ్చంద్ర’ నాటకంలో చంద్రమతి వెయ్యాల్సిన నటుడు రాలేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని నిలబెట్టారు. అతనే స్థానం నరసింహారావు. ఆ రాత్రి గట్టెక్కించినందుకు చప్పట్లు కొట్టి పంపించెయ్యలేదు. ఆయన తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, అక్కడి నాటకాల్లో ఏళ్ళ తరబడి స్త్రీ పాత్రలు వేశాడు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ పాడే ప్రసిద్ధమైన పాట ఆయన స్వయంగా కట్టుకున్నదే. కొత్త గొంతు వస్తే నాటకమే దానికి తగ్గట్టు కాస్త ఒళ్ళు విరుచుకుంది. 1956లో పద్మశ్రీ వచ్చేనాటికి స్థానం అంటే సత్యభామ, సత్యభామ అంటే స్థానం.

తర్వాత కాంట్రాక్టు నాటకం వచ్చింది. పేరున్న నటుల్ని రాత్రికింతని మాట్లాడుకుని, తలా ఒక సీను పంచి, టికెట్టు పెట్టి ఆడించడం. పీసపాటి, షణ్ముఖి, ఏ.వి. సుబ్బారావు లాంటి మహా గొంతులు ఒకే వేదిక మీద వినే అదృష్టం జనానికి అందులోనే దక్కింది. అది కాదనలేం. హరిశ్చంద్రలో కాటిసీను ఒక్కటే ఒక నాటకమంత పెరిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోకి జాషువా శ్మశానం పద్యాలు వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పుడు అవి లేని కాటిసీనుని జనం ఒప్పుకోరు. కానీ ఆ రాత్రి వేదిక మీద ఉన్న పదిమందీ కలిసి ఒక్కసారి కూడా రిహార్సలు చేసి ఉండరు. ఎవరి పద్యాలు వాళ్ళవి, ఎవరి ట్రెయిను టైము వాళ్ళది. ఒకటో కృష్ణుడు ఎంత బాగా పాడితే రెండో కృష్ణుడు అంత ఎక్కువ రాగం తియ్యాలి. దుర్యోధనుడికి మధ్యలో చెయ్యడానికేమీ ఉండదు. నాటకం కచేరీ అయింది, సమాజం అన్నమాట బోర్డు మీదే మిగిలింది. పాడేవాడు ఎవరిమీదా ఆధారపడనక్కర్లేని పద్ధతిలో చివరికి ఎవరూ ఎవరికీ అక్కర్లేకుండా పోయారు. రాల్ఫ్ స్టాన్లీకి ఇలాంటి స్వేచ్ఛ లేదు. అదే అతని బృందాన్ని నిలబెట్టిందని నాకనిపిస్తుంది.

అనంతపురం పల్లెల్లో ‘కురుక్షేత్రం’ ఇంకా ఆడుతున్నారంటే అది కాంట్రాక్టు పుణ్యం కాదు. వానలు మొహం చాటేసిన ఏడు, వేరుశనగ చేతికి రాని ఏడు కూడా ఊరివాళ్ళే చందాలేసుకుని, హార్మోనియం మాస్టర్ని పిలిపించుకుని, నెలల తరబడి రాత్రిళ్ళు నేర్చుకుంటారు. సేద్యం చేసేవాడు, ఆటో తోలేవాడు, టీచరు, అందరూ ఒకే లైటు కింద. అక్కడ కొత్త కృష్ణుడు దొరకడం కష్టం. కుర్రాళ్ళు బెంగళూరు పోతున్నారు. దొరికినవాడికి గొంతుంటే గుక్క నిలవదు, గుక్క నిలిస్తే గొంతు శ్రుతికి ఎక్కదు. మాస్టరు మెట్టు తగ్గిస్తాడు. వాడికోసం శ్రుతి తగ్గితే పక్కనున్న అర్జునుడు కూడా తన పద్యాన్ని కిందకి దించుకోవాలి, దించుకుంటాడు. వయసు మీద పడ్డ పాత కృష్ణుడు భీష్ముడి గడ్డం కట్టుకుని వెనక కూర్చుంటాడు. కొత్తవాడు మూడో పాదంలో మాట మింగేస్తే, అక్కడి నుంచే మెల్లిగా అందిస్తాడు.