రాజ్ రెడ్డి
దబ్బాల రాజగోపాల్ రెడ్డి (జననం: 1937, కాటూరు, చిత్తూరు జిల్లా) కంప్యూటర్ శాస్త్ర ఆచార్యుడు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియాలో ఐబీఎం ఉద్యోగం చేసి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ వద్ద 1966లో పీహెచ్‌డీ పొందారు. 1969లో కార్నెగీ మెలన్‌లో చేరారు. అక్కడ ఆయన బృందం మాటను గుర్తించేందుకు రూపొందించిన హియర్‌సే-2లో ధ్వని, పదం, వాక్యం చూసే విభాగాలు నేరుగా మాట్లాడుకోవు. తమ ఊహలను ఉమ్మడి నల్లబల్లపై రాస్తాయి, ఇతరులవి సరిదిద్దుతాయి. సాఫ్ట్‌వేర్ నిర్మాణ పాఠాల్లో ఈ 'బ్లాక్‌బోర్డ్' పద్ధతి నేటికీ ఉంది. బహుమతుల కన్నా ఇదే పెద్ద గుర్తింపు అనవచ్చు. 1994లో కృత్రిమ మేధ పరిశోధకుడు ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం, 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయానికి (ఆర్‌జీయూకేటీ) తొలి కులపతి ఆయనే.