కింద బొగ్గు ఎవరిది? పైన ఇల్లు ఎవరిది? మన బెల్లంపల్లి కథ

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, అమెరికాలో పొలంలో ఆయిల్ పడితే రైతు కోటీశ్వరుడైతడట. మన భూమి కింద బొగ్గు పడితే మనకేం వస్తది?"

ముందు అమెరికా సంగతి. అక్కడ కూడా అందరికీ లాటరీ తగలదు. నేల వేరే, కింది ఖనిజం వేరే అమ్ముకోవచ్చు. టెక్సాస్‌లో తాత ఎప్పుడో ఖనిజం హక్కు అమ్మేసి ఉంటే, మనవడి పొలంలో వేరేవాళ్లు వచ్చి రిగ్గు పెడతారు. పని జరగడానికి కావాల్సినంత నేల వాడుకునే హక్కు వాళ్లకు ఉంటది.

మన దగ్గర ఆ హక్కు అమ్మింది తాత కాదు, సర్కారు. 1871లో జియాలజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో నిజాం ప్రభుత్వం తవ్వుకునే హక్కును హైదరాబాద్ దక్కన్ కంపెనీకి రాసిచ్చింది. ఆ కంపెనీ ఇంగ్లండ్‌ది. దాని షేర్ల గోల్‌మాల్ మీద 1888లో బ్రిటిష్ పార్లమెంట్ కమిటీ వేసి విచారణ చేసింది. అంటే లండన్‌లో వాటాదారుల నష్టం గురించి చర్చ జరిగింది. నేల మీద బతికే రైతు ఆ ఒప్పందంలో పార్టీయే కాదు.

1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ అయింది. 1920ల చివర్లో బెల్లంపల్లిలో బాయిలు మొదలైనయ్. ఇప్పుడు సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా.

మరి చట్టం ఏమంటది? 2013లో కేరళ మలబార్ భూముల కేసులో సుప్రీంకోర్టు ఒక పెద్ద మాట చెప్పింది: ఖనిజాలన్నీ ప్రభుత్వానివే అని చెప్పే చట్టం లేదు, భూమి ఎవరిదో కింది ఖనిజం కూడా మామూలుగా వాళ్లదే, చట్టప్రకారం తీసుకుంటే తప్ప. ఆ తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ చలమేశ్వర్. వినడానికి బాగుంది కదా? కానీ 1957 గనుల చట్టం ప్రకారం లీజు లేకుండా ఎవరూ తవ్వొద్దు. నీదే అయినా నువ్వు ముట్టుకోలేవు.

అందుకే మన దగ్గర అసలు కొట్లాట బొగ్గు కోసం కాదు, పైనున్న నేల కోసం. భూగర్భ బాయి అయితే కింద తవ్వుతరు, పైన చేను, ఊరు చాలావరకు మిగులుతయ్. ఓపెన్‌కాస్ట్ అయితే చేను, చెరువు, ఊరు అన్నీ పోతయ్. రైతుకు వచ్చేది పోయిన నేలకు పరిహారం. కింది బొగ్గుకు వచ్చే రాయల్టీ మాత్రం సర్కారు ఖాతాలోకి పోతది.

బెల్లంపల్లిలో ఇంకో మెలిక ఉంది. బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డయ్. బెల్లంపల్లి ఏరియా జీఎం ఆఫీసు కూడా గోలేటిలోనే ఉంది. జనం మాత్రం ఇక్కడే ఉన్నరు. కంపెనీ భూమిలో ఇల్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసి, రిటైరైనా చేతిలో పట్టా లేదు. పట్టా లేకుంటే బ్యాంకు లోన్ రాదు, అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ కాదు. చివరికి 2019లో జీవో 76 వచ్చింది. సింగరేణి వదులుకున్న భూముల్లో ఉంటున్నవాళ్ల ఇళ్లను క్రమబద్ధీకరించి పట్టాలిచ్చే దారి తెరిచింది.

లెక్క చూడండి. కింది బొగ్గుకు కాగితం 1886లో రాసిన్రు. పైనున్న ఇంటికి కాగితం దారి 2019లో దొరికింది. మధ్యలో 133 ఏళ్లు.

కాబట్టి తమ్ముడూ, బొగ్గు ఎవరిదని అడగడం తప్పు కాదు. కానీ ముందు ఇంట్లో బీరువా తెరిచి, మీ ఇంటి కాగితం ఎవరి పేరు మీద ఉందో చూడు. ఏం దొరికిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.